నాయన పళ్లచక్రం, నా అయిదో గేరు

మా పికప్ బండి గురించి నేను చెప్పేవాటిలో సగం నమ్మితే చాలు. ఏ సగమో కూడా నేనే చెప్పేస్తాను, మీకు ఆ శ్రమ ఎందుకు? ఈ బండిని యుద్ధకాలంలో ఒక తెల్లదొర తోలేవాడనీ, ఎడమ తలుపుకున్న సొట్ట తుపాకీ గుండు తగిలి పడిందనీ చాలా పెళ్లిళ్లలో చెప్పాను. రేణిగుంట స్టేషన్లో రైలు ఆలస్యమైనప్పుడల్లా చెప్పాను. ఆ సొట్ట మా ఎనుము తన్నితే పడింది. బండిని నాయన చిత్తూరులో ఒక బెల్లం మండీ యజమాని దగ్గర కొన్నాడు. దొర ఎవడూ లేడు. ఆ యజమాని కాస్త తెల్లగా ఉండేవాడు, దాన్ని పట్టుకుని నేను ఇంత దూరం లాగాను. కానీ నా జ్ఞాపకాల్లో ఇప్పుడు రాయబోయే ఈ అధ్యాయంలో గేర్లున్నాయి, పళ్లచక్రాలున్నాయి. ఇనుము దగ్గర అబద్ధం చెల్లదు. చెప్పినా అది కీచుమని అరిచి బయటపెడుతుంది.

నేను తిరుపతిలో నా కూతురు సుగుణ ఇంట్లో ఉంటాను. పూతలపట్టు దగ్గర మా సొంతూళ్లో నాకు ఒక మామిడితోట ఉంది. పొద్దున్నే ఈ బండిలో తోటకు పోవడం, సాయంత్రానికి తిరిగి రావడం నా ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు. నా చిన్నప్పుడు ఈ దారి ఇరుకు రోడ్డు. రెండు పక్కలా చింతచెట్లు, ఎద్దులబండ్లు, ఎప్పుడో ఒక బస్సు. ఇప్పుడు విమానం దిగేంత వెడల్పు. ఆ వెడల్పులో అందరూ వెనక ఎవరో తరుముతున్నట్టు పోతుంటారు. మా బండికి ఉన్నవి మూడే గేర్లు. నలభై దాటితే ఇంజన్ మూలిగేది, యాభై దగ్గర అరిచేది. ఆ పైన అదీ, నా నడుమూ కలిసి అరిచేవాళ్లం. ఒకరోజు నేను చంద్రగిరి దాటి నా దారిన నేను పోతుంటే నా వెనక అరమైలు పొడవున బండ్లు నిలిచిపోయాయి. అరమైలు అంటే, సరే, పది బండ్లు. వాటిలో ఒక బస్సు నన్ను దాటుతూ దాటుతూ పక్కన నెమ్మదించింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "పెద్దాయనా! బండి తోల్తాండావా, మేపుతాండావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నవ్వనిది ఒక్కతే. చిత్తూరులో ఎవరిదో పెళ్లికి పోతూ ఆ బస్సులో కూర్చున్న సుగుణ.

ఆ సాయంత్రం ఆమె నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. "నాయనా, నువ్వు బండి తోలొద్దని నేను అనడంలే. ఆ బండి తోలొద్దంటాండా. రోడ్డు మారిపోయింది, బండి మారలే. ఏదో ఒక దినం లారీ వచ్చి నిన్ను ఎనకనించి ఎత్తకపోతాది. అప్పుడు నేనేం జెయ్యల్ల?" అంది. బైపాసు రోడ్డులో కొత్తగా హోటలు పెట్టినాయన ఒకడు అప్పటికే మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. హోటలు ముందర సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద మా బండిని నిలబెట్టి, వెనక తొట్టిలో పూలమొక్కలు పెంచి, చుట్టూ రంగు బల్బులు వేస్తాడట. తినడానికి వచ్చినవాళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటారట. సుగుణ షరతు పెట్టింది. మామిడికాయల కాలం ముగిసేలోగా ఈ బండి తక్కిన బండ్ల మాదిరి, ఎవరికీ అడ్డం కాకుండా, ప్రాణభయం లేకుండా ఆ రోడ్డు మీద పోగలగాలి. లేదంటే దిమ్మె ఎక్కాలి. నేను హుందాగా ఒప్పుకున్నాను. అంటే, రెండు రోజులు అలిగి, అన్నం మానేసి ఒప్పుకున్నాను. మానేసింది మధ్యాహ్నం అన్నమే. రాత్రి తిన్నాను.

హోటలాయన సంగతి తెలిసి పరుగున వచ్చాడు. "సార్, దయచేసి ఒక్క బోల్టు కూడా మార్చకండి. ఒరిజినల్‌గా ఉంటేనే దీనికి అందం. పాతది పాతదిగానే ఉండాలి సార్," అన్నాడు. ఆ మాట అంటూ బండి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు, ముసలి ఏనుగును నిమిరినట్టు. ఆ నిమరడం చూసి నాకు ఒళ్లు మండింది. మా నాయన ఈ బండిని ఎన్నడూ నిమరలేదు. తన్నేవాడు.

నాయన పొద్దున లేచాక ఇంజన్ అందుకునేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని నేరుగా బండి దగ్గరికి పోయేవాడు. చలికాలంలో అమ్మ కాగులో నీళ్లు వేడిచేసి రేడియేటర్లో పోసేది. నాయన ముందర నిలబడి ఇనప కడ్డీ పెట్టి తిప్పేవాడు. ఒక తిప్పు, ఒక బూతు, ఒక తన్ను. మూడోదానికి బండి దగ్గేది, తెల్లటి పొగ వదిలేది, మా వంటింట్లో పప్పుగుత్తి వేలాడే మేకు కూడా వణికేది. అప్పుడు నాయన మొదటి మాట మాట్లాడేవాడు: "సద్ది యాడ?" అమ్మ రాగిసంగటి ముద్ద మజ్జిగలో కలిపిన సత్తుచెంబు అందించేది, ఉల్లిగడ్డ పక్కన పెట్టి. నిలబడే తాగేవాడు. ఆ వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పెట్రోలు, గోనెసంచి, పులిసిన సంగటి, వాటన్నిటి మీదా పాకం బెల్లం. తొట్టిలోని చెక్క పలకలు ఏళ్ల తరబడి బెల్లం తాగి నల్లబడిపోయాయి. ఎండాకాలం మధ్యాహ్నం వాటికి ముక్కు ఆనిస్తే తియ్యగా ఉండేది. మేం నాకేవాళ్లం. మేమే కాదు, చిత్తూరు జిల్లాలోని చీమలన్నీ మా బండిలోనే కాపురం ఉండేవి. నాయన లుంగీలో చీమలతోనే మండీకి పోయి, చీమలతోనే తిరిగి వచ్చేవాడు.

సాయంత్రం వచ్చాక రేడియేటర్ కింద బకెట్టు పెట్టి వేడినీళ్లు పట్టేవాడు. ఆ నీళ్లతో మా ఇల్లంతా స్నానం చేసేదని నేను సుగుణకు చిన్నప్పుడు చెప్పాను. తుప్పుతో ఎర్రగా ఉండే ఆ నీళ్లతో నాయన కాళ్లు కడుక్కునేవాడు, అంతే. కానీ ఎంత సుఖంగా కడుక్కునేవాడని! రాతిబండ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, "అబ్బా" అని ఒక్క మాట. ఆ రోజుకు అదే ఆయన జీతం అనిపించేది.

బండికి స్పీడు చూపే మీటరు ఉన్నా నాయన దాన్ని చూసేవాడు కాదు. చెవితో తోలేవాడు. ఆ గేర్లు ఇప్పటి గేర్ల మాదిరి కాదు. క్లచ్ ఒకసారి తొక్కి గేరు తీయాలి, మళ్లీ తొక్కి వేయాలి. ఆ నడుమ ఇంజన్ గొంతు సరిగ్గా ఒకచోటికి దిగేదాకా ఆగాలి. రవంత ముందైనా, రవంత వెనకైనా గేర్లపెట్టె పళ్లు నూరేది. ఊళ్లో మరొకరెవరికీ అది లొంగలేదు. నేను పదేళ్లకే తోలాను. తోలాను అంటే స్టీరింగు పట్టుకున్నాను. సరే, హారన్ కొట్టాను. బండి ఆగి ఉంది.

నాకు నిజంగా అప్పజెప్పిన పని వేరే ఉంది. నాయన చిత్తూరు నుంచి పలమనేరుకు బెల్లం తీసుకుపోయేవాడు, వచ్చేటప్పుడు కూరగాయలు దించుకొచ్చేవాడు. మధ్యలో మొగిలి ఘాట్ ఎక్కాలి. బండి నిండా బెల్లం ఉంటే అక్కడ దానికి ఊపిరి ఆడేది కాదు. మలుపు దగ్గర ఆగిపోయేది, వెనక్కి జారేది. నేను ముందే దూకి, కొబ్బరికాయంత రాయి పట్టుకుని వెనక చక్రం పక్కనే నడుస్తూ, ఆగిన క్షణం కింద పెట్టేవాణ్ణి. పలమనేరులో చుట్టాలను చూడాల్సి వచ్చి అమ్మ ఎక్కితే ఆమె కూడా దిగి తోసేది. అమ్మ ముందు సీట్లో కూర్చోగా నేను చూడలేదు. ముందు సీటు మండీ గుమాస్తాది. ఆమె వెనక బస్తాల మీద, కొంగు తలకు చుట్టుకుని కూర్చునేది. దిగి తోసేటప్పుడు మాత్రం అందరికన్నా ముందు ఆమె చేతులే.

ఒకసారి నాయన బండితో పోయి వారం దాకా రాలేదు. "అమ్మేసినాడు, నాకు తెలుసు, అమ్మేసి మొహం సూపించలేక యాడనో తిరగతాండాడు," అని అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు, కళ్లు ఎర్రగా. ఆ మరుసటి ప్రయాణంలో బండి మొగిలి ఘాట్‌ను ఎవరూ దిగకుండా, ఎక్కడా ఆగకుండా, ఎద్దు దున్నినట్టు నిదానంగా ఎక్కేసింది. నేను రాయి ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉండిపోయాను. "ఏం జేసినావయ్యా దీన్ని?" అని అమ్మ వెనకనించి అరిచింది. "మొగిలీశ్వరునికి మొక్కుకున్న్యా," అన్నాడు నాయన. అమ్మ అక్కడికక్కడే చెంపలు వేసుకుంది. కొండ దేవుడు మా మీద దయ చూపాడని మేం చాలాకాలం నమ్మాం. ఒక్కటే తేడా వచ్చింది. సమతలం మీద బండి మునుపటికంటే నెమ్మదించింది. చిత్తూరు నుంచి ఇల్లు చేరేలోగా సంగటి చల్లారిపోతోందని అమ్మ సణిగేది. "దేవుడు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటాడు, తిను," అనేవాడు నాయన. తినాల్సింది ఆయనే అయినా.

సరే, బండిని నేను అప్పజెప్పిన మునస్వామి దగ్గరికి వద్దాం. రేణిగుంటలో గోదాముల వెనక అతని షెడ్డు. మంచి మెకానిక్కే కానీ నోరు పెద్దది. చేసిన పనికంటే దాన్ని గురించి చెప్పేది ఎక్కువ, అందుకే మాకు పొసిగింది. నేను అడిగినవి ఇవి. ఇంజన్‌ను ముట్టుకోకూడదు, అది నాయన గొంతు. మూడు గేర్ల పెట్టె తీసేసి, తుక్కుకు పోయిన కొత్తరకం పికప్ ఒకదాని అయిదు గేర్ల పెట్టె ఎక్కించాలి. వెనక ఇరుసులోని పళ్లచక్రాలు మార్చాలి. బ్రేకులు మనిషి తొక్కితే ఆగేవిగా ఉండాలి, మొక్కితే ఆగేవిగా కాదు. మునస్వామి అన్నీ విని, "అయిపాయె అన్నా, నాలుగు దినాల్లో పూలరథం మాదిరి చేసిస్తా," అన్నాడు. నెల పట్టింది.

వెనక ఇరుసు విప్పిన రోజు హోటలాయన కూడా అక్కడే ఉన్నాడు, చివరిసారి బతిమాలుకుందామని. మునస్వామి నూనె కార్చి, మూత తీసి, లోపలికి టార్చి వేసి, పళ్లను వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

"అన్నా, ఈ బండిని ఇంతకుముందు ఎవరన్నా ఇప్పినారా?"

"ఎవురూ ఇప్పలే. నాయన పోయినాక చెయ్యి పెట్టింది నువ్వే."

"అయితే మీ నాయినే. ఇదో సూడు. ఇది ఈ బండిది కాదు. ఏదో లారీది. కొలత పట్టకపోతే లేత్‌లో అరగదీసి, ఈడ ఇనుము కోసి, వెల్డింగు పెట్టి ఎక్కించినారు. ఇంజన్ అన్ని సుట్లు తిరిగి సచ్చినాక గానీ చక్రం ఒక్క సుట్టు తిరగదు. కొండెక్కేదానికి బంగారం. రోడ్డు మీదికి శని."

నేను ఆ పళ్లచక్రాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. చద్ది నూనెలో నల్లగా, కంచమంత ఉంది. పళ్ల అంచున ఆకురాయితో చేత్తో రాసిన గీతలు, వంకరటింకరగా, ఓపికగా. మొగిలీశ్వరుడు ఆకురాయి పట్టుకుంటాడని నేను ఎప్పుడూ వినలేదు. ఆ వారం నాయన ఎక్కడ ఉన్నాడో, మోచేతుల దాకా గ్రీజు ఎందుకో ఇన్నేళ్లకు తెలిసింది. అమ్మ ఈ సంగతి తెలియకుండానే కన్నుమూసింది. దేవుడి మీద తోసేస్తే ఎవరూ ఖర్చు అడగరని నాయన ఎత్తు. నాకు ఈ గుణం ఎక్కడినుంచి వచ్చిందా అని మా ఇంట్లో అందరూ అడుగుతుంటారు.

నేను దాన్ని హోటలాయన ముందు పెట్టాను. "ఇదో అప్పా, నీ ఒరిజినల్."

"మరి అసలు పార్టు ఎక్కడుంది సార్?" అన్నాడు పాపం.

"మా నాయన పారేసినాడు. పనికి రాలేదని పారేసినాడు. పోయి ఆయన్ని అడుగు."

అతనితో వాదించాల్సింది అంతే, కానీ నాలో మాటలు ఆగలేదు, ఇప్పుడూ ఆగడం లేదు. పాతదాన్ని పాతదిగానే ఉంచాలనేవాళ్లు పాతవాళ్లను ఎన్నడూ దగ్గరగా చూసినవాళ్లు కారు. మా నాయన తాను కొన్న వస్తువును తన దారికి సరిపడేదాకా కోశాడు, రాశాడు, తన్నాడు. ఆయన దారిలో కొండ ఉంది, కొండకు తగ్గట్టు బండిని మలుచుకున్నాడు. నా దారిలో కొండ లేదు, వెనక తరుముకొచ్చే లారీలున్నాయి. నేను నా దారికి మలుచుకుంటాను. ఇది నాయన మాట జవదాటడమైతే జవదాటుతున్నాను. దిమ్మె మీద పూలమొక్కలు మోసే బండి నాయన బండి కాదు. బండి పోలికలున్న పూలకుండీ.

మొదటిసారి బిగించినప్పుడు ఇరుసుకు తిప్పు అందించే పొడవాటి కడ్డీని మునస్వామి సరిగా సమతూకం చూడలేదు. అరవై దగ్గర బండి పూనకం వచ్చినట్టు ఊగింది, నా కట్టుడు పళ్లు దాదాపు ఒళ్లో పడ్డాయి. "రోడ్డు బాగలేదన్నా," అన్నాడు. "ఒరే, రోడ్డు నిన్న గూడా ఇదే," అన్నాను. మళ్లీ విప్పాడు, కడ్డీ కోశాడు, అతికించాడు, నిందలు వేశాడు, చివరికి కుదిరింది. కుదిరాక, "ఒకటే అన్నా, మీటరు మాత్రం తప్పు సూపిస్తాది. అది పాత చక్రం లెక్కలోనే ఉండాది. నువ్వు పొయ్యేదానికంటే తక్కువ సూపిస్తాది. వచ్చే వారం సరిజేస్తా," అన్నాడు. ఈ చివరి మాట నేను ఇంట్లో చెప్పడం మరిచాను. మరవలేదు. చెప్పలేదు.

పరీక్ష రోజు సుగుణ నా పక్క సీట్లో కూర్చుంది. "అరవై దాటకూడదు. నీ వయసుకు అరవై సాలు," అంది. దేవుడి మీద ఒట్టు వేశాను. మా ఇంట్లో ఆ దేవుడికి అలవాటే. చంద్రగిరి దాకా నెమ్మదిగా, బుద్ధిగా తోలాను. కోట కొండ ఎడంచేతి వైపు వెనక్కి జరిగాక అయిదో గేరు వేశాను. ఏం చెప్పను? బండి నిశ్శబ్దమైపోయింది. అరుపు లేదు, మూలుగు లేదు. నాయన ఇంజన్ కడుపునిండా తిని పడుకున్నవాడి మాదిరి గుర్రు పెట్టింది, అంతే. తలుపు గడియ కొట్టుకోలేదు. కిటికీ అద్దం వణకలేదు. నా నడుము ఎక్కడుందో నాకే గుర్తులేదు. ముందర పోతున్న ఒక బస్సు కనిపించింది, దగ్గరికి వచ్చింది, పక్కకి వచ్చింది, వెనక్కి పోయింది. ఈ బండి పుట్టి ఇన్నేళ్లలో ఒక బస్సును దాటడం అదే మొదలు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అనాలనుకున్నాను, గాలికి నోరు తెరవలేకపోయాను.

"నాయనా, మనం బస్సును దాటినాం," అంది సుగుణ.

"పాపం, ఆగి ఉన్నింది."

"ఆగిలేదు. నువ్వెంతలో పోతాండావు?"

"మీటరు సూడు తల్లీ. యాభై ఎనిమిది."

ఆమె మీటరు చూడలేదు. ఫోను తీసి అందులో ఏదో నొక్కి నా మొహం ముందు పెట్టింది. "ఎనభై రెండు సూపిస్తాండాది."

"ఫోన్లన్నీ అబద్ధాలే."

"ఆపు."

పాకాల క్రాసు దగ్గర చెరకురసం బండి పక్కన ఆపాను. "తాళం ఇయ్యి," అని చెయ్యి చాపింది. నాకు ఆ చెయ్యి వెనక సిమెంటు దిమ్మె కనిపించింది, రంగు బల్బులు కనిపించాయి. ఇయ్యనన్నాను. చెరకురసం తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. "ఇయ్యను మేయ్! దీన్ని ఆ దిమ్మె మీద పెడితే నన్ను గూడా దాని పక్కనే నిలబెట్టు. నాకూ రెండు బల్బులు కట్టు. వచ్చినోళ్లు నాతో గూడా ఫొటోలు తీసుకుంటారు. నడిచే బండిని, తోలే మనిషిని బొమ్మలు జేసి పెడతామంటే ఊరుకునేది లే!"

"అయిపోయిందా నాయనా?" అంది.

"అయిపోయింది."

"అయితే ఇయ్యి."

ఇచ్చాను. గొంతుకు అలుపు వచ్చింది, మరేం చేయను? ఆమె దిగింది. బండి ముందునించి చుట్టి ఇవతలికి వచ్చి, "జరుగు," అంది. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి ఇదే బండి తోలతానని అడిగింది. ఈ గేర్లు ఆడపిల్లకు లొంగవన్నాను. నా గొప్ప కోసం అన్నాను కానీ, అవి మగవాళ్లకూ లొంగేవి కావు. ఇప్పుడు ఆమె సీటు ముందుకు లాక్కుని, అద్దం తనకు తగ్గట్టు తిప్పుకుని, మొదటి గేరు వేసింది. పళ్లు నూరలేదు. రెండు, మూడు. క్లచ్ రెండుసార్లు తొక్కమని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ అవసరం ఇక లేదు. బండి ఆమె చేతిలో పుట్టి పెరిగినట్టు పోయింది. మా అమ్మ ఒక్కసారి కూడా ఎక్కని ముందు సీటు, మా నాయన నన్నే పక్కకు జరిపిన స్టీరింగు. ఆ కాలం మంచిదనీ, మనుషులు మంచివాళ్లనీ నేను చాలా చోట్ల రాశాను. ఆ రాతల్లో మా అమ్మ ఎప్పుడూ వెనక బస్తాల మీదే ఉంది, నేను తిరిగి చూడలేదు.

సుగుణ అరవై దగ్గర నిలబెట్టింది, ఫోను లెక్కన. లారీలు దాటాయి. ఇందాకటి బస్సు వెనకనించి వచ్చి, హారన్ కొట్టి, మమ్మల్ని దాటేసింది. ఆమె ఆ బస్సు వెనక భాగాన్నే చూస్తూ కొంత దూరం తోలింది. తర్వాత నావైపు తిరగకుండానే, "ఇంకా గేరు ఉండాదా?" అంది.

ఉందన్నాను.

హోటలాయనకు ఆమే ఫోను చేసి చెప్పింది, బండి ఖాళీగా లేదని. అతను సిమెంటు దిమ్మె అప్పటికే కట్టించాడట. దాని మీద ఏం పెట్టాడో నేను చూడలేదు, చూడను. గెలిచాననే అనుకున్నాను. కానీ ఇప్పుడు తాళం ఆమె దగ్గర ఉంటుంది. ఆదివారాలు ఆమెవి, తన కాలేజీనాటి స్నేహితురాళ్లను ఎక్కించుకుని ఎక్కడెక్కడికో పోతుంది. తక్కిన రోజుల్లో నేను పొద్దున్నే ఆమె గది ముందు నిలబడి తాళం అడిగి తీసుకోవాలి. మీటరు సరిచేయించినట్టు మునస్వామి చేత చెప్పించాలి కూడా. ఈ వయసులో నా బండికి నేను అనుమతి అడగాలా? ఇది అన్యాయం, నేను ఒప్పుకోను. అందుకే గాంధీ రోడ్డులో ఒకతని దగ్గర మారుతాళం చేయించాను. ఈ అధ్యాయం అచ్చయి, సుగుణ చదువుతూ ఈ వాక్యం దాకా వచ్చేలోగా నేను పూతలపట్టులో ఉంటాను.